పెరటి కుళాయి

తెల్లవాళ్ల పాలన పోయి, నల్లవాళ్లూ మనవాళ్లూ కలిసి తొలిసారి ఓట్లేసిన మరుసటేడు, మొబేనిలో మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి విషపు మట్టిని ఎత్తడం మొదలుపెట్టారు.

"రాత్రిపూట తలుపు తీయొద్దు ఆంటీ, ఆ దుమ్ము పాపకు మంచిది కాదు," అని చెప్పి, ఆఫీసర్ శ్రవణ్ పొద్దున్నే అక్కడి మట్టీ తవ్వడానికి ప్రేమీ పెరట్లోని కుళాయిని పైపుతో సహా పీకించాడు.

చీకటి పడ్డాక పెరట్లో కుళాయి తిప్పిన చప్పుడైంది. నీళ్లు పడుతున్నాయి.

చనిపోయిన భర్త అప్పల్‌సామి ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, అక్కడే ఒంటి దుమ్ము కడుక్కునేవాడు. "చాలు, రా మావా," అని ప్రేమీ పిలిస్తేనే లోపలికి వచ్చేవాడు.

ఆమె చెయ్యి గడియ మీదికి వెళ్లింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

వెనక మంచం మీద మనవరాలు వెనేశ్రీ నిద్రలో దగ్గింది.

బయట నీళ్ల చప్పుడు ఆగింది.

ప్రేమీ తలుపుకు పెదవులు ఆనించింది.

"ఇంకొంచెం కడుక్కో మావా."