తాబేలు లేచిన పేజీ

“ఇంకా స్టాంపులేనా మేడం?” అంటూ హరినాథ్ చెప్పులతోనే లైబ్రరీలోకి వచ్చాడు.

లైబ్రేరియన్ వనజాక్షి చేతిలోని కొత్త పుస్తకాన్ని టక్కున మూసేసింది. ఊదారంగు సిరా అంటిన వేళ్ళను గుడ్డతో తుడుచుకుంది.

“కొత్తవి వచ్చినాయి సార్. ఒక్కోదానికి మూడు చోట్ల వెయ్యాల గదా.”

“వెయ్యండి. చదివేవాళ్ళు లేకపోయినా, ఎవరి పుస్తకమో బొద్దింకలకన్నా తెలుస్తాది.”

హరినాథ్ ఆ ఊరి హైస్కూల్లో సైన్సు టీచరు. లైబ్రరీ గదిని ఖాళీ చేయించి అక్కడ ‘ఏఆర్ గది’ పెట్టాలని రెండు నెలలుగా సర్పంచ్ ముత్యాలయ్య వెంట తిరుగుతున్నాడు. ఏఆర్ అంటే, ఫోను కెమెరాను పుస్తకంలోని బొమ్మకు చూపిస్తే, తెరమీద ఆ బొమ్మ ప్రాణం వచ్చినట్టు లేచి తిరుగుతుంది. అందుకు ఫోనులో వాడే యాప్ ఎవరికైనా ఉచితమే. హరినాథ్ మాత్రం దాన్ని తానే కనిపెట్టినట్టు చెప్పుకునేవాడు.

ఈ రోజు సర్పంచ్ వచ్చి చూస్తాడు. నచ్చితే గది స్కూలుకు పోతుంది. పుస్తకాలు మూటలు కట్టి కోవూరులో ఏదో గోడౌనులో పడేస్తారు.

“మీకు మెమో వచ్చిందంట గదా?” హరినాథ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నాలుగు వందల పన్నెండో నంబరు పుస్తకం కనపడలేదు సార్. రిజిస్టర్లో ఎవరి పేరూ లేదు.”

“ఉండేది ఒక్క గది. అందులో పుస్తకం కాపాడుకోలేకపోతిరి. నేనైతే సిగ్గుపడి నేనే తాళాలిచ్చేసేవాణ్ణి.”

“మీరు మా లైబ్రరీకి వచ్చి ఎన్నాళ్ళయింది సార్?” అని అడిగింది వనజాక్షి.

“డీఎస్సీకి చదివేటప్పుడు వచ్చినా. రెండేళ్ళు దాటింది. ఉద్యోగం వచ్చినాక ఈ దుమ్ముతో నాకేం పని?”

పదకొండింటికి ముత్యాలయ్య వచ్చాడు. వెనకే తొమ్మిదో తరగతి పిల్లలు బిలబిలమంటూ చేరారు.

“కానీండి సారూ. రొయ్యల గుంట కాడ పనుండాది.”

హరినాథ్ సంచిలోంచి పెద్ద రంగుల పుస్తకం తీశాడు. “సముద్ర జీవుల పుస్తకం సార్. పిల్లల కోసం చెన్నై పోయి నా సొంతంగా కొన్నా.”

ముత్యాలయ్య పుస్తకం తిరగేశాడు. “ముందూ వెనకా ఆకులు లేవేంది సారూ?”

“మా పాప సార్. కాగితం కనపడితే చించకుండా వదలదు.”

అతను తాబేలు ఉన్న పేజీ తెరిచి బల్లమీద పరిచాడు. పేజీ అంతా నీలం సముద్రం. కింద మూలన గుండ్రటి గీతలో చిన్న పడవ.

“నీలం అంతా ఒకే మాదిరి ఉంటే ఫోనుకు పట్టు దొరకదు సార్. అందుకని బొమ్మలోని ఈ పడవను యాప్‌లో గుర్తుగా పెట్టినా. దీన్ని చూస్తేనే మన తాబేలు లేస్తాది. చూడండి.”

తెరమీద తాబేలు లేచింది. కాళ్ళు తెడ్లలా ఊపుతూ పేజీమీద గుండ్రంగా ఈదింది. పిల్లలు కేకలు పెట్టారు. ముత్యాలయ్య తల అటూ ఇటూ తిప్పి చూసి, “భలే ఉండాదే!” అన్నాడు.

“ఇప్పుడు చెప్పండి సార్. ఈ గదికి ఇది కావాల్నా, ఆ బూజు కావాల్నా?”

వనజాక్షి కళ్ళజోడు పెట్టుకుని పుస్తకంమీదికి వంగింది. చాలాసేపు చూసింది.

“ఇది ఎన్నో పేజీ సార్?”

“ముప్పై ఏడు. దీనిక్కూడా రిజిస్టరు రాస్తారా మేడం?”

పిల్లలు నవ్వారు. వనజాక్షి బీరువా దగ్గరికి వెళ్ళి, అట్ట ఊడిన వంటల పుస్తకం తెచ్చింది. ముప్పై ఏడో పేజీ తెరిచింది.

“దీనికి చూపించండి సార్.”

“ఇందులో ఏం లేస్తాది మేడం, పులుసా?”

“చూపించండి.”

వంకాయ పచ్చడి మీద తాబేలు లేచింది.

ముత్యాలయ్య పకపకా నవ్వాడు. “దానికి ఆకలేసినట్టుండాది సారూ!”

“ఫ్రీ యాప్ గదా సార్. ఒక్కోసారి ఇట్టా తికమక పడతాది.”

వనజాక్షి నిఘంటువు తెచ్చి ముప్పై ఏడో పేజీ తెరిచింది. తాబేలు లేచింది. కుట్టుపని పుస్తకం తెచ్చింది. జాకెట్టు కొలతల మీద తాబేలు ఈదింది. హరినాథ్ తెరనే చూస్తున్నాడు. పేజీ చూసే అలవాటు అతనికి ఎప్పుడో పోయింది.

“మీ దుమ్ము కెమెరాకు పట్టినాది మేడం,” అంటూ ఫోనును చొక్కాకు తుడిచాడు. “ఈ దరిద్రపు గదిలో ఏదీ సక్రమంగా పనిచెయ్యదు. స్కూల్లో ఎన్నిసార్లు చూపించినా, ఒక్కసారన్నా ఇట్టా జరిగిందా? అడగండి పిల్లల్ని!”

“ఆడ మీరు చూపించింది ఈ ఒక్క పుస్తకమే గదా సార్,” అంది వెన్నెల అనే పిల్ల ముందు వరసలోంచి.

“నువ్వు నోరు ముయ్యి.”

ముత్యాలయ్య నవ్వు ఆగింది. నాలుగు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి, కళ్ళు చికిలించి, పేజీల మూలలు చూశాడు. “ఏందమ్మా ఈ మాయ?”

“ముందూ వెనకా కాక, ముప్పై ఏడో పేజీలో వేసే మా మూడో స్టాంపు సార్,” అంటూ వనజాక్షి సొరుగులోంచి అరిగిపోయిన చిన్న చెక్క ముద్ర తీసింది. ఊదా సిరాలో అద్ది, తెల్లకాగితం మీద ఒత్తింది. గుండ్రటి గీతలో చిన్న పడవ పడింది. ఆ కాగితాన్ని ఫోను కిందికి జరిపింది.

ఖాళీ కాగితం మీద తాబేలు లేచింది.

“నాలుగు వందల పన్నెండో నంబరు దొరికింది సార్.”