పురుగుల నిద్ర

కుబుసం విడవడానికి పట్టుపురుగులు నిద్రలోకి పోయాయి. ఇలాంటప్పుడు మల్బరీ ఆకు వేయకూడదు, తట్టలు కదపకూడదు. సొన్నమ్మ గడపలో కూర్చుని, వచ్చినవాళ్లను సైగలతోనే పంపేస్తోంది.

కొడుకు మునిశంకర్ మాత్రం ఎర్రటి కళ్లతో ఇంకా ఆకు మోసుకొస్తూనే ఉన్నాడు. ఈ పంటకు ఇద్దరి పని వాడొక్కడే చేశాడు. ఊరంతా మెచ్చుకుంది.

"చాలప్పా, పోయి పండుకో."

"చెవిలో వాళ్లు పండుకోనీరమ్మా. మళ్లా వచ్చినారు."

వాడు మత్తుగా పడుకుంటే ఆకు ఎవరు కోస్తారని, "నీకు బాగైపోయిందప్పా" అని చెప్పి, ఆ గొంతులు వినబడకుండా డాక్టరిచ్చిన మాత్రలు పంట మొదట్లోనే రాగుల డబ్బాలో దాచింది సొన్నమ్మే.

లోపలికి పరుగెత్తి డబ్బా కుమ్మరించింది. ఆ చప్పుడుకు వాడు ఉలిక్కిపడ్డాడు.

"మెల్లగమ్మా," అని బతిమాలాడు. "పాపం, పురుగులు నిద్రపోతా ఉండాయి."