మన ఆయిలు చలవ

మల్కాపురంలో ఎడ్వర్డ్ గ్యారేజీ ముందు లారీ ఆపి, సన్యాసిరాజు తలుపు వేసిన తీరుకి పక్క టీకొట్టువాడు చేతిలో గ్లాసు వదిలేశాడు.

“మా బావేడీ?” అంటూ లోపలికొచ్చాడు.

బావ అక్కడే ఉన్నాడు. పేరు అర్జునరావు. సన్యాసిరాజు చెల్లెలు పైడితల్లి మొగుడు, ఆ లారీలో సగం వాటాదారు. స్టీల్ ప్లాంటు నుంచి పోర్టుకి సరుకు తోలేది సన్యాసిరాజు. టైర్లు, గ్రీజు, ఆయిలు, రిపేర్లు చూసుకునేది అర్జునరావు. తొమ్మిదేళ్లుగా రెండిళ్ల పొయ్యిలూ ఆ ఒక్క ఇంజన్ మీదే వెలుగుతున్నాయి.

సన్యాసిరాజు చేతిలో సింథటిక్ ఆయిలు డబ్బా ఉంది. సగం ఖాళీ. దాన్ని తెచ్చి బావ కాళ్ల దగ్గర కొట్టాడు.

“సీటెనకాల దొరికింది. ఇదేటి?”

అర్జునరావు డబ్బా చూశాడు. 

సింథటిక్ అన్న మాట వింటేనే సన్యాసిరాజుకి ఒళ్లు మండుతుంది. పల్చగా ఉంటుంది గనక అది ఆయిలు కాదు, నీళ్లంటాడు. పాత ఇంజన్లో పోస్తే ఆయిలు కారకుండా ఆపే సీళ్లు తినేస్తుందని ఎవడో చెప్పాడు, ఈయన నమ్మాడు. ఆ చెప్పినవాడెవడో ఇప్పుడు ఈయనకే గుర్తులేదు. అయినా తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాలుగేళ్ల కిందట ఈ విషయం మీద బావతో పోట్లాడి, వారం రోజులు మాటలు మానేశాడు. చివరికి సింహాచలం కొండ వైపు చెయ్యి చాచి, “నా కంఠంలో ప్రాణముండగా ఈ బండిలో ఆ నీళ్లు పడవు” అని ఒట్టేశాడు. అప్పన్నస్వామి విన్నాడో లేదో గానీ మల్కాపురం అంతా విన్నది.

మొన్న గురువారం అర్జునరావు తగరపువలసలో పెళ్లికెళ్లాడు. ఆయిలు మార్చే గడువు దాటుతోందని సన్యాసిరాజే దగ్గరుండి మార్పించాడు. మామూలు ఆయిలు, తనకు నచ్చినది. శుక్రవారం పొద్దున్నుంచీ ఇంజన్ ఒకటే కటకట. ఇవాళ సీటు వెనక ఈ డబ్బా. ఇంకేం సాక్ష్యం కావాలి?

“శుబ్బరంగా నాను మంచి ఆయిలు పోయించి ఎల్తే, నా ఎనకాల ఈ నీళ్లు కలిపీసినావా? కాసిన పాలల్లో ఉప్పుకల్లు ఏసినట్టు!”

“కలపలేదు బావా.”

“మరి సగం డబ్బా ఎవుడు తాగినాడు? నువ్వా?”

అర్జునరావు వంగి డబ్బా మూత బిగించాడు. అది చూసి సన్యాసిరాజుకి కోపం రెట్టింపైంది. సాక్షి కోసం అటూ ఇటూ చూశాడు. ఎడ్వర్డ్ మెల్లగా ఇంకో లారీ కిందికి దూరబోతున్నాడు.

“ఎడ్వర్డూ, ఇలా రా! నువ్వు సెప్పు. మూడేళ్ల నుంచి ఈ ఇంజనెలగుంది?”

ఎడ్వర్డ్ గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

“బాగుందన్నా. ఏ కంప్లైంటూ నేదు.”

“అంతకు ముందో?”

“అంతకు ముందంటే... పొగ, సౌండు...”

“మరి బాగుపడింది దేని వల్ల? నాను పట్టుబట్టబట్టి! అంతా మన ఆయిలు చలవ!”

ఎడ్వర్డ్ అర్జునరావు వైపు చూశాడు. అర్జునరావు నేల వైపు చూశాడు.

“దింపీ ఆ దరిద్రం. మన ఆయిలు మళ్లీ పొయ్యి. నా కళ్ల ముందర!”

ఎడ్వర్డ్ బోల్టు విప్పాడు. తొట్టిలోకి నల్లగా కారింది.

“సూసినావా? రెండ్రోజులకే ఎలగ నల్లబడిపోయిందో!”

“డీజిల్ బండన్నా, ఏ ఆయిలైనా అంతే...”

“నువ్వు ఆడి తరపేటి?”

ఎడ్వర్డ్ కొత్త డబ్బాలు తెచ్చి మామూలు ఆయిలు పోశాడు. సన్యాసిరాజు పైకెక్కి స్టార్ట్ చేశాడు.

కటకట, కటకట. రవ్వంత కూడా తగ్గలేదు.

“కడిగినా వదల్లేదు ఆ ఇసం!” అంటూ కిందికి దూకాడు. “నా ఇంజన్ని సంపీసినావు కదరా!”

“బావా, అది దానివల్ల కాదు. ఒక్క మాట ఇను...”

“నీ మాటేటి ఇనేది? ఎనకమాల పని సేసినోడివి! తాళాలిలా పడీ. రేపట్నించి ఈ బండికీ నీకూ ఏ సంబంధమూ నేదు.”

వెనకమాల పని అన్న మాటకి అర్జునరావు తల వాలిపోయింది. జేబులోంచి తాళాలు తీసి బానెట్ మీద పెట్టాడు. టీకొట్టు దగ్గర జనం చేరారు. ఎడ్వర్డ్ ఏదో చెప్పబోతే అర్జునరావే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

అక్కడితో ఊరుకుంటే సన్యాసిరాజు ఎందుకవుతాడు?

“నీలాంటోడికిచ్చి మా సెల్లి గొంతు కోసినాను. సాయంత్రానికల్లా దాన్ని మా ఇంటికి పంపీ.”

వెళ్లబోతున్న అర్జునరావు ఆగిపోయాడు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో బావ మీద గొంతెత్తని మనిషి. ఆ గొంతు ఇంత పెద్దదని టీకొట్టు దగ్గర ఎవరికీ తెలీదు.

“మూడేళ్ల నుంచి ఈ ఇంజన్లో నాను పోయిత్తన్నది ఆ నీళ్లే బావా, గురువారం నువ్వు దగ్గరుండి నీ మామూలు ఆయిలు పోయించినాకే ఇది కొట్టుకోడం మొదలెట్టింది!”