తూము మూసిన కుంట

చెరువు నుంచి తూము గుండా కుంటలోకి నీళ్లొచ్చేవి. వాటితో పాటే చెరువు కప్పల పెత్తనమూ వచ్చేది. అందుకే కుంట కప్పలకు ఒళ్లు మండేది.

"మన నీళ్లు మనవే," అంది బోదురుకప్ప. "ఇక మీ గొంతు నేనే. నేనన్నది మీరు అందుకుంటే చాలు."

కప్పలకు అలవాటైన పనే. అరుస్తూనే తూమును బురదతో పూడ్చేశాయి. చెరువు సభలో తమ తరఫున అరవడానికి బోదురుకప్పనే పంపాయి.

ఎండాకాలం వచ్చేసరికి కుంట అడుగు పగిలింది.

"తూము తెరుద్దాం రండర్రా, పిల్లలు చచ్చిపోతున్నారు," అంది ముసలి కప్ప గౌరక్క.

"మనమెవరమక్కా తెరవడానికి? ఆయన చెప్పాలిగా," అన్నాయి మిగతావి.

అంతలో గట్టు అవతల, చెరువులోంచి బోదురుకప్ప తడిగొంతు వినిపించింది. "మన నీళ్లు మనవే."

ఎండిన గొంతులన్నీ అందుకున్నాయి. గౌరక్క నోరు కూడా దానంతటదే తెరుచుకుంది.