జారుముడి

స్కాన్ టెక్నీషియన్ సుమశ్రీ కత్తెర తీసేసరికి లోవమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"కొయ్యకమ్మా. మొగోడి మొలతాడు కోసీది పేణం పోయినాకే. నాను ఇప్పుతాను."

"తాయెత్తు ఉందిగా. లోపలున్నది పెద్ద అయస్కాంతం, ఇనుము ఉండకూడదమ్మా."

పూడిమడక ఒడ్డున పడవ దిగుతూ కూలిపోయిన ఎల్లారావు, అనకాపల్లి స్కాన్ సెంటర్‌లో స్ట్రెచర్ మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. లోవమ్మ మొగుడి మొలతాడు ముడిని పంటితో విప్పింది.

స్కాన్ అయ్యాక మళ్లీ కట్టబోతే సుమశ్రీ అంది, "గట్టిగా కట్టకండి. కాసేపాగి ఇంకోసారి తియ్యాలి. మెదడులో రక్తం ఎంత పారుతోందో ఒక్క కొలతతో నమ్మలేం. రెండూ కలిస్తేనే ఖాయం."

"కలవకపోతే?"

"మొదటిది తప్పయి ఉండొచ్చు."

లోవమ్మ లాగితే ఊడేలా జారుముడి వేసింది. రెండోసారి తాడు సులువుగానే వచ్చింది.

ఆ స్కానూ అయింది. సుమశ్రీ తెర చూసి తేలిగ్గా ఊపిరి తీసుకుంది. "బాగా వచ్చిందమ్మా. రెండు కొలతలూ ఒకటే!"

"ఏటొచ్చింది?"

సుమశ్రీ మొహంలో నవ్వు ఆగిపోయింది. "మెదడుకి... రక్తం అసలు అందట్లేదమ్మా."

"ఇంకోపాలి తీత్తారా?"

"అక్కర్లేదు."

లోవమ్మ తాడును మొగుడి నడుం చుట్టూ తిప్పి, వలకు వేసినట్టు ముడి మీద ముడి బిగించింది.

"అంత బిగిస్తే మళ్లీ ఎలా విప్పుతారు?"

లోవమ్మ తలెత్తలేదు.

"ఇంక ఇప్పీది లేదమ్మా. కోసీదే."