పెళ్లికూతురికి పదికి ఆరు

“పెళ్లికూతురు తలవంచుకుని కూర్చుందా, ఇంతలో ఇన్‌స్పెక్టరొచ్చి ‘శవం ఎక్కడ?’ అన్నాడు.”

నిన్న టీవీలో ఏం చూశారని అడిగిన పాపానికి డాక్టరు కలం ఆపి తలెత్తాడు. “తర్వాతేమైందమ్మా?”

“ఏముంది నాయనా, తెల్లటోపీ వంటాయన ఒకడొచ్చి, ఉప్పు చాల్లేదని పదికి ఆరు మార్కులేశాడు. ఆనక సింహం వచ్చి దుప్పిని ఈడ్చుకుపోయింది,” అంది అత్తగారు తాపీగా.

పక్క కుర్చీలో కోడలు ఇంకాస్త కుంగిపోయింది. కొన్నాళ్లుగా ఇదే వరస. పొద్దస్తమానం బట్టల షాపులో నిలబడి తానులు విప్పి, చుట్టి, ఇంటికొచ్చి వంట ముగించి అత్తగారికిష్టమైన సీరియల్ పెడుతుంది. అందులో సింహాల్లేవు, శవాల్లేవు. తెల్లారి పక్కింటావిడకి అత్తగారు చెప్పే కథ మాత్రం కలగూరగంప.

“అమ్మకి మతి తప్పుతోందని డాక్టరంటే మాత్రం నువ్వు షాపు మానాల్సిందే. ఒంటరిగా ఎలా వదులుతాం?” అని భర్త పొద్దున్నే తేల్చేశాడు. వచ్చే నెల నుంచి కౌంటరులో కూర్చోబెడతానని యజమాని మాటిచ్చాడు. ఇన్నేళ్లు నిలబడితే దొరుకుతున్న కుర్చీ అది.

“ఇవాళ ఏ వారమమ్మా?” డాక్టరు మళ్లీ మొదలెట్టాడు.

“గురువారం. వెనకాల అంత కాలెండరు పెట్టుకుని నన్నడుగుతారేం?”

“మాత్రలు మర్చిపోతుంటారా?”

“నేనా! ఇది తన మాత్రలు మింగిందో లేదో కూడా నేనే చూసుకోవాలి.”

డాక్టరు నవ్వాపుకుని కోడలివైపు తిరిగాడు. “మీరు పెట్టేది ఒక్క సీరియలేనా?”

“ఒక్కటేనండీ. నేనే పెడతాను. అయిపోయేదాకా పక్కనే ఉంటాను.” ఆమె కాస్త ముందుకి వంగింది. “ఆవిడకేమైనా అయితే... చెప్పేయండి, ఫర్వాలేదు.”

“సరే, నిన్నటి కథలో నిజంగా ఏం జరిగిందో మీరు చెప్పండి. పోల్చి చూద్దాం.”

కోడలు నోరు తెరిచింది. పెళ్లికూతురు తలవంచుకుని కూర్చోవడం గుర్తుంది. ఆ తర్వాత ఎంత తవ్వుకున్నా ఏమీ తట్టలేదు.

అత్తగారు కోడలి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. “దాన్నడక్కండి నాయనా.

“పాపం, రిమోట్ మీదే ఒరిగి నిద్రపోతుంది, నాకేమో లేపబుద్ధి కాదు.”