నీళ్లెక్కడో చెప్పని ప్రకటన

ఎండలు ముదిరి అడవిలోని పాత చెరువు బురదైపోయింది. అందులోని కప్పలకు ఇంకో రెండు రోజులే ఆయుష్షు. అంతలో నీటి శాఖ ఏనుగులు మోదుగుల దిబ్బ వెనుక కొత్త గుంట తవ్వి నీళ్లు పడేలా చేశాయి. కబుర్ల శాఖలో కొత్తగా చేరిన గోరింక వెంటనే ఆకు మీద ఒకే వాక్యం రాసింది: "మోదుగుల దిబ్బ వెనుక నీళ్లున్నాయి, రండి."

శాఖ పెద్ద నక్క పెదవి విరిచింది. "ఇదేం ప్రకటనమ్మా? మృగరాజు గారి దయ ఏదీ?"

దయ చేరింది. ఏనుగు గారి దూరదృష్టి చేరింది. తవ్వేటప్పుడు అడ్డు తప్పుకున్న ఎలుగు గారి సహకారమూ చేరింది. చివర్లో శాఖలో సొగసులు దిద్దే నెమలి చూసి, "బారెడుంది, ఒక వాక్యం తీసేయండి" అంది. తీసేశారు, గోరింక రాసిన వాక్యాన్నే.

"సమాచారం ప్రజల హక్కు!" అని అరిచింది గోరింక.

"మంచి నినాదం. అడుగున వేద్దాం" అంది నక్క.

ఈ దిద్దుబాట్లతోనే రెండో రోజు వచ్చేసింది. గోరింక చెరువు గట్టున ప్రకటన చదివింది. ముసలి కప్ప ఓపిగ్గా విని, "అందరూ గొప్పవాళ్లే తల్లీ. ఇంతకీ నీళ్లెక్కడ?" అంది.

గోరింకకు ఒళ్లు మండింది. ఆకును బురదలో పారేసి, "మోదుగుల దిబ్బ వెనుక, తాతా! పిల్లల్ని తీసుకుని ఇప్పుడే కదులు" అంది.

సాయంత్రానికల్లా ప్రతి చెట్టుకూ తాఖీదు వేలాడింది: "మోదుగుల దిబ్బ వెనుక నీళ్లున్న సంగతిని అనుమతి లేకుండా బయటపెట్టినందుకు గోరింకను కొలువు నుంచి తొలగించడమైనది."

దాన్ని ఎవరూ దిద్దలేదు. చదివిన జంతువులన్నీ దిబ్బ వైపు పరుగు తీశాయి. ఆ శాఖ వెలువరించిన వాటిలో దాహం తీర్చిన ప్రకటన అదొక్కటే.